ఆ గుడ్డ మిక్సీ మీంచి తియ్యమ్మా

పేరు రాయొద్దన్న నెల్లూరు అమ్మాయికి. కలంకారీ వేసి ఫ్యామిలీ గ్రూపులో పెడితే ఎవ్వరూ మెచ్చుకోట్లేదు, పేజీ ఓపెన్ చేసి ఆర్డర్లు తీసుకుంటే అప్పుడైనా విలువిస్తారా అని అడిగావు. పేజీ సంగతి పక్కన పెట్టు. నీ ఉత్తరంలో మీ ఆయన ఒకసారి, అత్తగారు ఒకసారి వచ్చారు, మీ అక్క మాత్రం పదకొండుసార్లు వచ్చింది, లెక్కపెట్టాను.

శ్రీకాళహస్తి దాకా వెళ్ళి నేర్చుకున్నావు, కరక్కాయ పొడి గేదెపాలల్లో కలిపి గుడ్డ ముంచి ఎండబెట్టి, చింతబొగ్గుతో పార్వతీ కళ్యాణం గీసి, దానిమీద కసిమితో, అదే ఆ నల్ల రంగుతో, గీతలేసి, ఇంత చేశాక అక్క "బాగుందే, కళ్ళే కుదర్లేదు" అని ఒక్క మెసేజ్ పెట్టేసరికి తీసుకెళ్ళి మిక్సీ మీద కప్పేశావు! చదువుతుంటే నాకు ప్రాణం ఉసూరుమంది. అమ్మవారి బొమ్మ తల్లీ అది, చట్నీ మరకలు పడటానికా వేసింది?

చిన్నప్పుడు వాకిట్లో ముగ్గు అక్కది, పెరట్లో ముగ్గు నీది అని రాశావు చూడు, అదీ అసలు సంగతి. ముప్పై ఆరేళ్ళొచ్చి ఇద్దరు పిల్లల తల్లివైనా ఇంకా వాకిట్లో ముగ్గెయ్యడానికి అక్క పర్మిషన్ కోసం నిలబడే ఉన్నావు. ఇప్పుడు ఆర్డర్లు తీసుకున్నావంటే కొన్న ప్రతి మనిషిలోనూ అక్కనే వెతుక్కుంటావు. అక్క చెడ్డదని నేననట్లేదు, నీకు వంకలు దిద్దడమే ఆవిడకి ఇంట్లో నేర్పిన పని. పండక్కొస్తే చీర పెట్టు, కష్టమొస్తే పరిగెత్తు, అది నీ ధర్మం. నీ చేతిపని తీసుకెళ్ళి మార్కులెయ్యమని ఆవిడ ముందు పెట్టాల్సిన ధర్మం ఏ తోబుట్టువుకీ లేదు, ఇది నేను గట్టిగా నమ్ముతాను.

రాత్రి పిల్లలు పడుకున్నాక గీత వేస్తే ముందు లేతగా కనపడి, గుడ్డలో కరక్కాయ తగిలి చూస్తుండగానే నల్లబడుతుంది, అప్పుడు ఒళ్ళు జలదరిస్తుంది అని నువ్వే రాశావు కదా. ఆ టైమ్‌లో అక్క గుర్తొచ్చిందా? రాలేదుగా.

ఆ గుడ్డ తీసి, మరకలు పోయినంత మటుకు ఉతికి, హాల్లో తగిలించు. అక్క వచ్చి మళ్ళీ కళ్ళు అంటే "అవునక్కా" అని కాఫీ ఇవ్వు, అంతే. ఈలోగా ఇనప ముక్కలు, బెల్లం కొత్తగా నానెయ్యి. కసిమి తయారవడానికి రెండు మూడు వారాలైనా పడుతుంది, అప్పటిదాకా గ్రూపులో ఒక్క ఫోటో కూడా పెట్టకు.