సుమో గోదాలోకి దిగాలంటే: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: మావాడికి 19 ఏళ్లు. ఎత్తు 178 సెంటీమీటర్లు, బరువు 96 కిలోలు. నాలుగేళ్లుగా తాలింఖానాలో కుస్తీ పడుతున్నాడు. జపాన్ పోయి సుమోలో చేరతానని పట్టుబట్టినాడు. అందులో బతుకుతెరువు ఉందా?
– ఒక తండ్రి, చిత్తూరు

జవాబు: ఒడ్డూ పొడుగూ చాలు. అడ్డొచ్చేది ఖాళీ. మల్లులుండే శిబిరాన్ని 'హెయా' అంటారు. ఒక్కో హెయాలో ఒక్క విదేశీయుడికే చోటు, అతను తప్పుకుంటేగాని ఇంకొకరికి దారి లేదు. మొత్తం హెయాలేమో 45 దాకా. పైగా 23 ఏళ్లలోపే చేరాలి, అమెచ్యూర్ పోటీల్లో పేరు తెచ్చుకున్నవాళ్లకు మాత్రం 25 దాకా సడలింపు ఉంది. కాబట్టి ముందు అమెచ్యూర్ సుమో ఆడించండి, గురువుల కంట పడేది అక్కడే. ఏదో ఒక గురువు 'తీసుకుంటా' అనేదాకా టికెట్టు మాట ఎత్తొద్దు.

ఇక డబ్బు. సుమోలో ఆరు అంతస్తులు. కింది నాలుగింటిలో జీతమే లేదు. తిండి, పడక, పోటీకింతని చిన్న భత్యం, అంతే. పొద్దున సాధన, ఆ తర్వాత వంట, ఊడ్పు, పెద్దల సేవ. అయిదోది 'జూర్యో', అందులో 28 మంది. అక్కడికి చేరితే నెలకు 11 లక్షల యెన్‌లు. పై అంతస్తు 'మకుఉచి'లో 42 మంది, అక్కడ నెలకు 14 లక్షలతో మొదలై, అన్నిటికన్నా పై హోదా అయిన యొకొజునకు 30 లక్షలు. అంటే సుమారు 600 మందిలో జీతగాళ్లు 70 మంది.

జూర్యోకు కిందిది 'మకుషిత'. అక్కడ పోటీకి ఏడు కుస్తీలు. నాలుగు గెలిస్తే పైకి, మూడే గెలిస్తే కిందికి. మకుషిత పైఅంచున, జూర్యో తలవాకిట మూడు గెలుపులు, మూడు ఓటములతో నిలబడ్డవాడికి ఏడో కుస్తీ కొన్ని సెకన్లే, కానీ ఉద్యోగం దాని మీదే వేలాడుతుంది. ఏడాదికి ఆరు పోటీలు కాబట్టి ఈ లెక్క రెండు నెలలకోసారి తప్పదు.

దెబ్బ తగిలి దిగకపోతే? రాని రోజు ఓడినట్టే లెక్క. అందుకే మోకాలికి కట్టు కట్టుకుని దిగుతారు, ఆ మోకాలే ఇంకా చెడుతుంది. తెరునొఫుజి అనే మల్లుడు యొకొజునకు ఒక్క మెట్టు కిందిదైన ఒజెకి హోదా దాకా ఎక్కి, మోకాళ్లు, మధుమేహం వల్ల కింది నుంచి రెండో అంతస్తుకు పడ్డాడు. 2019 మార్చిలో మళ్లీ దిగి 2021లో యొకొజున అయ్యాడు. అలాంటివాడు నూటికో కోటికో ఒక్కడు, ఆయన్ని చూసి లెక్కలు కట్టొద్దు.

ప్రశ్న: కుస్తీ పట్లు అక్కడ పనికొస్తాయా? ఇంటి దగ్గర ఏం సాధన చేయాలి?
– విద్యార్థి, తిరుపతి

జవాబు: పట్టు బలం పనికొస్తుంది, ఒక అలవాటు మాత్రం కొంప ముంచుతుంది. కుస్తీలో మోకాలు నేలకానించి ఎదుటివాడి కాళ్లకు దూరుతాం కదా, సుమోలో అరికాలు తప్ప ఇంకేం నేలను తాకినా ఓటమే. వలయం అడ్డకొలత 4.55 మీటర్లు, రెండడుగులు వెనక్కి వేస్తే గడ్డిమోపు అంచు తగులుతుంది.

'షికో' నేర్చుకోండి. పాదాలు భుజాలకన్నా ఎడంగా, వేళ్లు బయటికి తిప్పి, వీపు నిటారుగా గొంతుకూర్చోండి. బరువంతా ఒక కాలి మీదికి తెచ్చి, రెండోది పక్కకు ఎత్తి, కొనవేళ్లు ముందు తాకేలా దించి మళ్లీ కూర్చోండి. మొదట్లో కాలుకు ఇరవై చాలు. తుంటి విచ్చుకోకుండా కాలు ఎత్తాలని చూస్తే నడుం వంగుతుంది, నేల మీదున్న కాలి మోకాలు లోపలికి ఒరుగుతుంది. నొప్పులు అక్కడి నుంచే. ఎత్తు తగ్గినా పర్వాలేదు, మోకాలు కాలివేళ్ల దిక్కునే ఉండాలి. సిమెంటు గచ్చు మీద కాదు, మట్టిలో ఒట్టి కాళ్లతో చేయండి.

ప్రశ్న: శాకాహారులకు సాగుతుందా?
– పాఠకురాలు, మదనపల్లె

జవాబు: కష్టమమ్మా. మల్లులు తినే చంకొనబె అనే వంటకం ఉమ్మడి కుండ, పులుసే కోడిదో చేపదో అయి ఉంటుంది. కోడికి మర్యాద ఎందుకంటే అది రెండు కాళ్ల మీద నిలబడుతుంది. నాలుగు కాళ్ల మీద ఉండటం సుమోలో ఓడినవాడి వాలకం!

ప్రశ్న: అబ్బాయికి తిరుమల తలనీలాల మొక్కు బాకీ ఉంది. సుమోలో సిగ ఉండాలంటారే, ఎట్లా?
– తల్లి, శ్రీకాళహస్తి

జవాబు: విమానం ఎక్కకముందే కల్యాణకట్టకు తీసుకెళ్లండి. గుండుతో చేరినా అడ్డేం లేదు, సిగకు అందేదాకా విరబోసిన జుట్టుతోనే ఆడతారు. తకెరుఫుజి అనే మల్లుడు 2024 మార్చిలో మకుఉచిలో మొదటిసారి దిగి, పెద్దల సిగకు జుట్టు చాలకుండానే కప్పు కొట్టాడు. చేరాక మాత్రం సిగ తీయడం విరమించాకే. పెద్ద మల్లుడైతే ఆత్మీయులు ఒక్కొక్కరు వెనకనుంచి కత్తెరతో కాస్త కాస్త కత్తిరిస్తారు, ఆఖరి కత్తెర గురువుది.