మంచి విటమిన్ మాత్రలు, మూలికల సప్లిమెంట్లు ఎలా ఎంచుకోవాలి? ఏ బ్రాండ్‌ని నమ్మొచ్చు?

బ్రాండ్ పేరు నేను చెప్పను. మా అమ్మ వాడినవన్నీ పేరున్న కంపెనీలవే. ఒక్కటి కూడా నకిలీ కాదు. అయినా 5 రోజులు ఆసుపత్రి మంచం మీద ఉంది.

అమ్మకి 58 ఏళ్ళు. మధిర దగ్గర పల్లెటూళ్ళో ఉంటారు అమ్మా నాన్నా. నేను ఖమ్మంలో ఉంటాను. మొన్న ఎండాకాలంలో ఫోన్ చేస్తే, "ఏమోనే, అన్నం సయించట్లేదు, ఎన్ని నీళ్ళు తాగినా దాహం తీరట్లేదు" అంది. ఎండలకి అలా ఉందనుకున్నాను. వారం తిరక్కుండా నాన్న ఫోను. "మీ అమ్మ పొయ్యి మీద పాలు పెట్టి అక్కడే నిలబడి ఎందుకు పెట్టిందో మర్చిపోతోంది. పొద్దుట్నుంచీ ఒకటే వాంతులు." కారు మాట్లాడి ఖమ్మం తీసుకొచ్చాం. రక్తంలో కాల్షియం 13.4 ఉంది. పదిన్నర దాటకూడదట. ఆ రిపోర్టు చూడగానే డాక్టరుగారు అడిగింది ఒక్కటే. "ఏమేం మాత్రలు వేసుకుంటున్నారమ్మా? ఇంట్లో ఉన్నవన్నీ పట్టుకు రండి."

నాన్న వెళ్ళి అమ్మ మందులు దాచుకునే బిస్కెట్ల రేకు డబ్బా తెచ్చారు. మంచం మీద దుప్పటి పరిచి బోర్లించాం. కాల్షియం మాత్రలు రెండు రకాలు, రెండింట్లోనూ డి3 అనే డి విటమిన్ ఉంది. తమ్ముడు డల్లాస్ నుంచి తెచ్చిన గమ్మీల సీసాలోనూ డి ఉంది. మా పిన్ని గొలుసుకట్టు వ్యాపారంలో చేరి అంటగట్టిన ప్రొటీన్ పొడిలోనూ డి ఉంది. అన్నిటికంటే అడుగున రబ్బరు బ్యాండు చుట్టిన కట్ట ఒకటి ఉంది. పాలల్లో కలుపుకునే డి విటమిన్ పొడి ప్యాకెట్లు, అన్నీ ఖాళీవి. అమ్మ ఏదీ పారెయ్యదు. కూర్చుని లెక్కపెట్టాను, 71 ఉన్నాయి. ఒక్కో ప్యాకెట్టులో 60,000 యూనిట్లు.

డాక్టరు రాసింది వారానికి ఒకటి చొప్పున 8 వారాలు. మందుల షాపులో అబ్బాయి "పాలల్లో కలుపుకుని తాగండమ్మా" అన్నాడు. ఎన్నాళ్ళకొకటి తాగాలో చెప్పలేదు. తియ్యగా ఉంటుంది కాబట్టి అమ్మ రోజూ రాత్రి తాగేసింది. అయిపోయినప్పుడల్లా నాన్న వెళ్ళి ఖాళీ ప్యాకెట్టు చూపిస్తే చాలు, చీటీ అడక్కుండా మళ్ళీ ఇచ్చేవారు. మన హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2020 లెక్కల్లో పెద్దవాళ్ళకి రోజుకి 600 యూనిట్లు చాలంది. అమ్మ ఒంట్లోకి అంతకి నూరు రెట్లు వెళ్ళింది, 71 రోజులపాటు. డి ఎక్కువైతే తిన్న కాల్షియాన్ని ఒళ్ళు మరీ ఎక్కువగా లాక్కుంటుంది. పైగా మిగతా మాత్రల్లో ఉన్న కాల్షియమంతా దీనికి తోడయింది.

సి విటమిన్ లాంటివి ఎక్కువైతే చాలావరకు మూత్రంలో పోతాయి. ఎ, డి లాంటివి అలా పోవు, కాలేయంలోనూ ఒంట్లో కొవ్వులోనూ చేరి కూర్చుంటాయి. అందుకే సెలైన్లు ఎక్కించి కాల్షియం దించినా, డి విటమిన్ దిగడానికి నెలలు పడుతుందన్నారు. "విటమినే కదా, ఏం చేస్తుందిలే" అనే మాట వింటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

కాబట్టి నన్నడిగితే, డబ్బా ముందు వైపు చూడనే వద్దు. "నూరు శాతం సహజం", ఆకుపచ్చ ఆకు బొమ్మ, అవన్నీ అమ్ముకోవడానికే. వెనక సన్నక్షరాలు చదవండి. కనపడకపోతే ఫోన్లో ఫోటో తీసి పెద్దది చేసుకుని చదవండి, నేనిప్పుడు అదే చేస్తున్నాను. కాల్షియం కార్బొనేట్ 1250 మిల్లీగ్రాములు అని రాసి ఉంటే అందులో అసలు కాల్షియం 500 మాత్రమే. ఈ తేడా తెలియక 1250 మాత్రని "ఎక్కువ పవరు" అనుకుని కొనేవాళ్ళని నేనే చూశాను. థైరాయిడ్ మాత్ర వాడేవాళ్ళు కాల్షియాన్ని దానికి కనీసం 4 గంటల ఎడంగా వేసుకోవాలి, అదీ ఎవరూ చెప్పరు.

సప్లిమెంటుగా అమ్మేదాని మీద, ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ ఎఫ్ఎస్ఎస్ఎఐ ఇచ్చే 14 అంకెల లైసెన్సు నంబరు ఉండాలి. వైద్యానికి వాడేది కాదు అని కూడా ఇంగ్లీషులో రాసి ఉండాలి. అలా రాసున్న డబ్బానే చేతిలో పట్టుకుని మా పిన్ని "షుగరు పూర్తిగా పోతుందక్కా" అని అమ్మకి చెప్పింది! షుగరు నయం చేస్తామని ప్రకటనలిస్తే నేరమని 1954 నాటి చట్టం ఉంది. పిన్ని మీద నాకు కోపం లేదు, ఆవిడని కూర్చోబెట్టి ఆ మాటలు నేర్పించినవాళ్ళ మీదే. చుట్టరికాన్ని పెట్టుబడిగా పెట్టి చేసే ఈ వ్యాపారం వల్ల కాదనలేక కొనే ఆడవాళ్ళు ప్రతి ఇంట్లోనూ ఉన్నారు. అమ్మేవాళ్ళ నోటి నుంచి వచ్చిన సలహా ఎంత దగ్గరి చుట్టానిదైనా నేను తీసుకోను.

ఇక మూలికలు. ఆయుర్వేద మందుగా అమ్మేదానికి తయారీ లైసెన్సు నంబరు వేరే ఉంటుంది, అది లేని పొట్లం ఇంటికి తేకండి. అశ్వగంధ అయితే వేరుతో చేసిందా, ఆకు కూడా కలిపారా అన్నది రాసి ఉండాలి. ఆయుర్వేదంలో ఎక్కువగా వాడేది వేరునే. "మూలికల మిశ్రమం 500 మిల్లీగ్రాములు" అని మొత్తం ఒక్కటే వేసి, ఏది ఎంతో చెప్పని సీసా నేను కొనను. 2004లో వచ్చిన ఒక అధ్యయనంలో, అమెరికాలో బోస్టన్ చుట్టుపక్కల దుకాణాల్లో కొన్న 70 ఆయుర్వేద ఉత్పత్తుల్ని పరీక్షిస్తే 14 వాటిల్లో సీసం, పాదరసం, ఆర్సెనిక్‌లలో ఏదో ఒకటైనా దొరికింది. లోహాలని కాల్చి చేసే భస్మాల పేరు చెప్పి దీన్ని కొట్టిపారేసేవాళ్ళుంటారు. పరీక్ష రిపోర్టు చూపించమని అడగండి, మంచి కంపెనీ అయితే చూపిస్తుంది.

అమెరికా సీసా కాబట్టి మంచిదే అనుకోవడమూ తప్పే. అక్కడ సప్లిమెంట్లని మార్కెట్లోకి వచ్చే ముందు ప్రభుత్వం ఆమోదించదు. యూఎస్పీ వెరిఫైడ్ (USP Verified) అనే ముద్ర ఉంటే లోపల ఉన్నది లేబుల్‌తో సరిపోతోందని బయటి సంస్థ పరీక్షించిందని అర్థం. తెచ్చేవాళ్ళకి ఆ ముద్ర చూసి తెమ్మని చెప్పండి.

మునగాకు క్యాప్సూల్స్ సీసా 700 రూపాయలకి మా ఆఫీసులో ఒకావిడ కొనుక్కుంది. వాళ్ళ పెరట్లో మునగ చెట్టుంది. పప్పులో నాలుగు రెమ్మలు వేసుకుంటే సరిపోయేదానికి అంత డబ్బు పోయడం చూస్తే నాకు బాధగా ఉంటుంది.

అసలు లోటుందో లేదో రక్తపరీక్షలో చూసుకోకుండా ఏదీ మొదలుపెట్టొద్దు. మాంసం తిననివాళ్ళకీ, షుగరుకి మెట్‌ఫార్మిన్ ఏళ్ళ తరబడి వాడేవాళ్ళకీ బి12 తగ్గే అవకాశం ఎక్కువ, వాళ్ళు తప్పక చూపించుకోవాలి. జుట్టు కోసం బయోటిన్ వేసుకునేవాళ్ళు ఆ సంగతి డాక్టరుకి ముందే చెప్పాలి, థైరాయిడ్ రిపోర్టుల్ని అది తప్పుగా చూపించవచ్చు.

అమ్మకి ఇప్పుడు బీపీ మాత్ర ఒక్కటే మిగిలింది. పోయిన వారం మళ్ళీ పరీక్ష చేయిస్తే కాల్షియం 9.8 వచ్చింది. డి మాత్రం ఇంకా ఉండాల్సిన దానికంటే పైనే ఉంది, రెండు నెలలాగి మళ్ళీ చూద్దామన్నారు డాక్టరుగారు.