నీళ్లు పట్టుకుపోయారు, మళ్లీ రాలేదే

నాయనా,

పర్యావరణం సిలబస్ కమిటీలో నీ పేరు వేశారని, కొత్తగా ఏం చేర్చమంటారని మొన్న అడిగావు. ఫోనులో తేలే సంగతి కాదు, అందుకే రాస్తున్నాను.

చేర్చడం గురించి ఇప్పుడే ఆలోచించొద్దు. పర్యావరణాన్ని అన్ని స్థాయిల్లో బోధించాలని సుప్రీంకోర్టు 1991లోనే చెప్పింది. ఆ తర్వాత యూజీసీ డిగ్రీకి ఆరు నెలల కోర్సు పెట్టింది. ఓజోన్ పొర, జీవవైవిధ్యం, గ్రీన్‌హౌస్ వాయువులు అన్నీ అందులో ఉన్నాయి. పిల్లలు పరీక్ష ముందు రోజు గైడు తిరగేసి పాసవుతున్నారు. పొదిలి పక్క పల్లె నుంచి వచ్చే పిల్ల ఓజోన్ మీద రెండు పేజీలు రాస్తుంది. వాళ్లింటి ముందు బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎంతుందో ఆ పిల్లకు తెలీదు. నీ మార్పు అక్కడ మొదలుపెట్టు.

నేను చేసిన తప్పు నీకెప్పుడూ చెప్పలేదు. కనిగిరి వైపు పనిచేసే రోజుల్లో ఫైనలియర్ కెమిస్ట్రీ పిల్లలతో ముప్పై దాకా బోర్ల నీళ్లు తెచ్చి పరీక్ష చేయించాను. చాలావాటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటింది. తాగేనీటికి అదే ఆఖరి హద్దు. రిపోర్టు బైండింగ్ చేయించి, సెమినార్లో చదివి, బీరువాలో పెట్టాం. రెండేళ్ల తర్వాత ఒక బస్టాపులో ఒకామె నన్ను గుర్తుపట్టింది. నడుం బిగుసుకుపోయి, తల తిప్పాలంటే ఒళ్లంతా తిరగాల్సిన మనిషి. "నీళ్లు పట్టుకుపోయారు గదమ్మా, మళ్లీ రాలేదే. ఇంతకీ మా నీళ్లకేమైంది?" అంది.

వాళ్ల ఊళ్లో మేం చూసిన మూడు బోర్లలో ఒకదాంట్లో ఫ్లోరైడ్ ఒక మిల్లీగ్రాముకు లోపే ఉంది. ఆ ఒక్క ముక్క చెప్పి ఉంటే రెండేళ్లూ పిల్లలకు ఆ నీళ్లే పట్టేవాళ్లు. కాచినా ఫ్లోరైడ్ పోదని, నీళ్లు ఆవిరై ఇంకా చిక్కబడుతుందని చెప్పినా కొంత మేలు జరిగేది. ఆ అంకెలు నా బీరువాలో ఉన్నాయి, ఆమె చేతికి అందలేదు. ఫ్లోరైడ్ నీళ్లతో పళ్లూ ఎముకలూ పాడయ్యే ఈ ఫ్లోరోసిస్ జబ్బు మనకు కొత్తా కాదు. 1937లోనే మద్రాసు ప్రెసిడెన్సీలో వైద్యులు దీన్ని నెల్లూరు జిల్లాలో గుర్తించి రాశారు. అప్పటికి పొదిలి, కనిగిరి, దర్శి ఆ జిల్లాలోవే. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడినప్పుడు ఇటు కలిశాయి. అంతకాలం నుంచి తెలిసిన జబ్బును మన చదువు ఊరిదాకా తీసుకెళ్లలేకపోయింది.

అందుకే నువ్వు కమిటీలో గట్టిగా పట్టుబట్టాల్సింది ఒక్కటే. ప్రాజెక్టు మార్కుల్లో సగం, ఫలితాన్ని ఊరికి తిరిగి తీసుకెళ్లి చెప్పినందుకు ఉండాలి. మన రాష్ట్రంలో డిగ్రీ పిల్లలకు కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు ఎలాగూ ఉంది. దాన్ని జిరాక్సు షాపులో తయారవనీయకు. వచ్చిన అంకెను తెలుగులో పెద్దక్షరాలతో రాసి పంచాయతీ ఆఫీసు గోడకు అంటించాలి. చదవలేనివాళ్లకు సాయంత్రం పూట చదివి వినిపించాలి. నీళ్లు మోసేది ఆడవాళ్లు కాబట్టి వాళ్లు పొలం నుంచి వచ్చే వేళ చూసుకుని వెళ్లండి. గార పట్టిన పళ్లను ఫొటోలు తీయనివ్వకు. పెళ్లి కావాల్సిన పిల్లలుంటారు.

పని కూడా సరిగ్గా జరగాలి. ఫ్లోరైడ్ శాంపిల్‌కి గాజు సీసా వద్దు, ప్లాస్టిక్ సీసా తీసుకో. అదే నీళ్లతో రెండుసార్లు తొలిచి నింపాలి. బోరు కొంతసేపు కొట్టాక వచ్చే నీళ్లు పట్టాలి. మనకు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కదా, ఎండాకాలంలో ఒకసారి, వానలయ్యాక ఒకసారి పట్టించు. ఒక్కసారి చూసిన అంకెను నమ్మి ఊరికి మాటివ్వొద్దు.

ఇదంతా కెమిస్ట్రీ వాళ్ల పని అనుకోనివ్వకు. కోస్తా వైపు నుంచి వచ్చే కామర్స్ పిల్లలతో రొయ్యల గుంటల లెక్క వేయించు. కౌలు, సీడు, మేత, కరెంటు అందరూ రాస్తారు. గుంటల నీళ్లు కాలవలోకి వదిలాక పక్క ఊరు మంచినీళ్లకు ట్యాంకర్ తెప్పించుకుంటుంటే ఆ ఖర్చు ఎవరి ఖాతాలో రాయాలో వాళ్లనే తేల్చమను. పొగాకు ఊళ్ల పిల్లలుంటే, బ్యారన్‌లో ఆకు కాల్చడానికి ఒక సీజన్‌కి ఎన్ని కట్టెలు పోతున్నాయో ఎకనామిక్స్ వాళ్లు ఇంట్లో అడిగి రాయొచ్చు. ఆ రైతుల బిడ్డలే నీ క్లాసులో కూర్చుంటారు, అది మాత్రం మర్చిపోకు. అమ్మానాన్నల్ని దోషుల్ని చేసే పాఠం ఏ పిల్లా వినదు. లెక్క ముందు పెట్టు, మాట వాళ్లే అంటారు.

పోర్షన్ ఎప్పుడవుతుందని తోటివాళ్లు అడుగుతారు. టెన్షన్ పడకు. మొదటి ఏడాది నీ ఒక్క సెక్షన్, రెండే ఊళ్లు చాలు. కాలేజీలకు గ్రేడు ఇచ్చే న్యాక్ వాళ్ల కోసం మొక్కలు నాటి రోహిణి కార్తెకి ఎండబెట్టే పని నీ మీద పెడితే, నాటే ముందు నీళ్లెవరు పోస్తారో పేర్లు రాయించుకో. దాని గురించి ఇంతకంటే చెప్పేదేం లేదు.

చదువు ఏమీ చెయ్యలేదని ఎవరైనా అంటే నాకు నెల్లూరు జిల్లాలోని దూబగుంటే గుర్తొస్తుంది. రాత్రి బడిలో కూర్చున్న ఆడవాళ్లు తమ బతుకు లాంటి పాఠం చదివి ఊళ్లో సారా కొట్టు మూయించారు. వాళ్ల కథ మళ్లీ వాచకంలో పాఠమై జిల్లా అంతా పాకింది. 1993లో రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. వాళ్లప్పటికి అక్షరాలు కూడబలుక్కుంటున్నారు. మన దగ్గరకొచ్చేది పన్నెండేళ్లు చదివిన పిల్లలు.

ఆ పాత రిజిస్టరు ఇంకా నా దగ్గరే ఉంది. ఏ బోరు ఎవరి ఇంటి ఎదురుగా ఉందో పిల్లల చేతిరాతలోనే ఉంది. సంక్రాంతి సెలవుల్లో వచ్చి తీసుకెళ్లు. వానలు అప్పటికి అయిపోయి ఉంటాయి కాబట్టి సీసాలు కూడా తెచ్చుకో. మొదట ఆ మూడు బోర్ల ఊరికి పోదాం, నేనూ వస్తాను.

ఆశీస్సులతో,
మీ మేడం
ఒంగోలు