అడగడానికి నామోషీ

"మనిషిని ఎదగనివ్వకుండా ఆపేసే రోజువారీ ఆలోచనలు, అలవాట్లు ఏమిటి? మీ అనుభవంలోంచి చెప్పగలరా?" అని అడిగారు. బద్ధకం, భయం, వాయిదా వేయడం, పక్కవాళ్లతో పోల్చుకోవడం అంటూ వరసగా చెప్పుకుంటూ పోవచ్చు. అవన్నీ నాలోనూ ఉన్నాయి. కానీ నలభై దాటాక వెనక్కి తిరిగి చూసుకుంటే, నన్ను అన్నిటికంటే ఎక్కువ కాలం ఆపింది ఒకటే అనిపిస్తోంది. తెలియదని ఒప్పుకోవడానికి నామోషీ. మిగతావి చాలావరకు దాని వెనకే వచ్చాయి.

చిన్నప్పుడు మా ఇంటికి ఎవరు వచ్చినా పెద్దవాళ్లు ఒకే మాట చెప్పేవారు. "దీనికి చదవకుండానే అన్నీ వచ్చేస్తాయి." ప్రేమతో అన్న మాటే. కానీ ఆ మాట నిలబెట్టుకోవడం నా బాధ్యత అయిపోయింది. రాత్రి అందరూ పడుకున్నాక చదువుకుని, పొద్దున్న పరీక్షకు వెళ్తూ స్నేహితురాళ్లతో "అసలు పుస్తకమే ముట్టుకోలేదు" అనేదాన్ని. మార్కులు వస్తే తెలివి, రాకపోతే చదవలేదు కాబట్టి. ఎటు చూసినా పేరు భద్రం. కొన్నాళ్లకు ఆ అబద్ధమే నిజమైంది. కష్టమనిపించిన సబ్జెక్టును నిజంగానే ముట్టుకోవడం మానేశాను. గట్టిగా చదివి కూడా తప్పితే ఇక చెప్పుకోవడానికి ఏమీ మిగలదు కదా, అదీ భయం. ఓటమికి సాకును ముందే సిద్ధం చేసి పెట్టుకునే ఈ అలవాటు గురించి స్టీవెన్ బెర్గ్లాస్, ఎడ్వర్డ్ జోన్స్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1978లోనే రాశారని పెద్దయ్యాక తెలిసింది. నా ఒక్కదానికే ఉన్న జబ్బు కాదని అప్పుడు కాస్త ఊపిరి పీల్చుకున్నాను.

నన్ను ఇంకా కదిలించింది 1998లో క్లాడియా ముల్లర్, కరోల్ డ్వెక్ ప్రచురించిన పరిశోధన. అయిదో తరగతి పిల్లలకు ముందు కొన్ని తేలిక పజిల్స్ ఇచ్చారు. చేశాక కొందరిని "నువ్వు తెలివైనవాడివి" అని, కొందరిని "బాగా కష్టపడ్డావు" అని మెచ్చుకున్నారు. తర్వాత చాలా కష్టమైనవి ఇచ్చారు, అందరూ తడబడ్డారు. చివరగా మళ్లీ మొదటి వాటిలాంటి తేలికవే ఇస్తే, తెలివికి మెప్పు పొందిన పిల్లలు మొదటిసారి కంటే తక్కువ చేశారు, కష్టానికి మెప్పు పొందినవాళ్లు ఎక్కువ చేశారు. నాకు గుచ్చుకున్న విషయం మాత్రం వేరే ఉంది. ఈ పిల్లలకే పేరు రాయనక్కర్లేని కాగితం ఇచ్చి, తమ మార్కులు ఇంకో బడి పిల్లలకు రాసి చెప్పమంటే, తెలివైనవారని అనిపించుకున్న పిల్లల్లో దాదాపు 40 శాతం మంది ఎక్కువ వేసి రాశారు. ఎవరు రాశారో తెలియని కాగితం మీద కూడా. ఆ వాక్యం దగ్గర చాలాసేపు ఆగిపోయాను. ఆ పిల్లలు చెడ్డవాళ్లు కాదు. "తెలివైనవాళ్లు" అన్న పేరు పోతే తాము ఏమీ కాకుండా పోతామని భయపడ్డారు, నాలాగే.

ఉద్యోగంలో చేరాక కూడా, పేరు పోతుందని భయపడే ఆ చిన్నప్పటి పిల్ల నాతోనే వచ్చింది. నేను చేసేది అకౌంట్స్ పని. కొన్నేళ్ల క్రితం మా ఆఫీసులో లెక్కలన్నీ కొత్త సాఫ్ట్‌వేర్‌లోకి మార్చారు. రెండు రోజులు ట్రైనింగ్ ఇచ్చారు. మొదటి రోజు మధ్యాహ్నానికే నాకు ఏమీ అర్థం కాకుండా పోయింది. చెప్పే ఆయన "ఎవరికైనా డౌట్స్ ఉన్నాయా?" అని అడిగితే ఎవరూ చెయ్యెత్తలేదు, నేనూ ఎత్తలేదు. అర్థమైనట్టు తలూపాను. ఆ తలూపుడుకు ఎనిమిది నెలలు మూల్యం చెల్లించాను. పాత పద్ధతిలో చేత్తో లెక్కలు వేసి, వచ్చిన మొత్తాల్ని కొత్త సాఫ్ట్‌వేర్‌లో ఎక్కించేదాన్ని. ఐదింటికి అయిపోవాల్సిన పని ఎనిమిదింటి దాకా సాగేది. ఇంట్లో పని ఒత్తిడి అని చెప్పాను. ఆఫీసులో పాపం ఎంత కష్టపడుతుందో అనుకున్నారు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి, నా జవాబులో నాకు ముఖ్యమనిపించేది ఇదే. ఆ ఎనిమిది నెలల్లో నాకు తెలియకుండానే ఒక "అభిప్రాయం" తయారైంది. "ఈ కొత్తవన్నీ హడావుడే, పాత పద్ధతిలో ఉన్న నమ్మకం వీటిలో లేదు" అని నలుగురిలో గట్టిగా వాదించేదాన్ని. మనసారా నమ్మి వాదించాను. అది ఆలోచించి ఏర్పరచుకున్న అభిప్రాయం కాదని, రాని పనిని కప్పిపుచ్చుకోవడానికి పుట్టిందని చాలా ఆలస్యంగా తెలిసింది. "నాకు అలాంటివి ఇంట్రెస్ట్ లేదండీ", "ఈ వయసులో ఎందుకు", "మనకి సూటవదు" అని ఎవరైనా అన్నప్పుడు వాళ్లను తప్పుపట్టను. ఒక్కోసారి అది నిజమే కావచ్చు. కానీ నేను ఆ మాట అన్నప్పుడు మాత్రం ఇప్పుడు నన్ను నేను అడుగుతాను: ఒకసారైనా ప్రయత్నించి ఈ మాట అంటున్నానా?

ఒకరోజు సాయంత్రం మా సెక్షన్‌లో కొత్తగా చేరిన కుర్రాడు నా టేబుల్ దగ్గర ఆగి, "మేడమ్, ఇది ఇలా చేస్తే ఐదు నిమిషాల్లో అయిపోతుంది" అన్నాడు. "నాకు తెలుసు, సరిచూసుకుంటున్నాను" అని కసిరాను. అతను మొహం చిన్నబుచ్చుకుని వెళ్లిపోయాడు. ఆ రాత్రి నిద్రపట్టలేదు. సాయం చేయడానికి వచ్చిన పిల్లవాడిని, అతను చెప్పింది నిజం కాబట్టే కసిరానని తెలుస్తూనే ఉంది. మూడు రోజుల తర్వాత అతని దగ్గరికి వెళ్లి, "ఆ రోజు అలా మాట్లాడకుండా ఉండాల్సింది. నిజానికి నాకు రాదు, నేర్పిస్తావా?" అని అడిగాను. గొంతు వణికింది. అతను కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఇరవై నిమిషాలు పట్టింది. ఎనిమిది నెలల సాయంత్రాలకు ఇరవై నిమిషాలు.

నవ్వుతారనుకున్నవాళ్లు నవ్వలేదు. అసలు ఎవరూ గమనించలేదు. థామస్ గిలోవిచ్, ఆయన సహచరులు 2000లో ప్రచురించిన ఒక ప్రయోగం నాకిప్పుడు తరచూ గుర్తొస్తుంది. ఒక విద్యార్థికి ఇబ్బందిగా అనిపించే బొమ్మ ఉన్న టీషర్టు తొడిగి, తోటి విద్యార్థులున్న గదిలోకి పంపారు. ఎంతమంది ఆ బొమ్మను గుర్తుపట్టి ఉంటారని, అలా టీషర్టు వేసుకుని వెళ్లినవాళ్లను అడిగితే దాదాపు సగం మంది అని అంచనా వేశారు. నిజంగా గుర్తుపట్టింది నాలుగో వంతు కంటే తక్కువ. "నలుగురూ ఏమనుకుంటారో" అని మనం దిగులుపడే ఆ నలుగురిలో ఒక్కరు కూడా సరిగ్గా చూడట్లేదన్నమాట.

వాయిదా గురించీ కొంచెం చెబుతాను, అదీ ఇక్కడినుంచే పుట్టింది కాబట్టి. 39 ఏళ్లకు ఈత నేర్చుకోవడం మొదలుపెట్టాను. పక్కన ఆరేడేళ్ల పిల్లలు చేపల్లా ఈదుతుంటే నేను గట్టు పట్టుకుని కాళ్లు ఆడించేదాన్ని. మూడో వారంలో రెండు రోజులు వెళ్లలేకపోయాను. వెంటనే నా పాత బుర్ర "ఇక పోయింది, వచ్చే నెల ఒకటో తారీఖు నుంచి మళ్లీ సక్రమంగా మొదలుపెడదాం" అంది. ఏదైనా చేస్తే మచ్చ లేకుండా చేయాలి, లేకపోతే వద్దు అనే పట్టుదల అది. బయటికి క్రమశిక్షణలా కనిపిస్తుంది కానీ, లోపల ఉన్నది అదే నామోషీ. అప్పటికే ఫిలిపా లాలీ బృందం లండన్‌లో చేసిన, 2010లో వెలువడిన అధ్యయనం గురించి చదివి ఉన్నాను. కొత్త అలవాటు కుదురుకోవడానికి మనుషులకు 18 నుంచి 254 రోజుల దాకా పట్టవచ్చని, మధ్యస్థంగా 66 రోజులని, మధ్యలో ఒక రోజు తప్పితే పెద్దగా నష్టం లేదని అందులో తేలింది. 21 రోజుల్లో అలవాటు పడుతుందని ఎక్కడో విని, ఇరవై రెండో రోజుకి ఎన్ని వదిలేశానో. ఈసారి ఒకటో తారీఖు కోసం చూడకుండా మర్నాడే వెళ్లాను. ఈత వచ్చేసరికి ఐదు నెలలు పట్టింది.

ఆలోచన మారితే అన్నీ మారిపోతాయని మాత్రం అనను. అలా చెప్పేవాళ్లంటే నాకు కోపం కూడా. డబ్బు లేక, ఆరోగ్యం బాగాలేక, ఇంట్లో బరువంతా మీద పడి ఆగిపోయినవాళ్లకు "నీ మైండ్‌సెట్ మార్చుకో" అనడం అన్యాయం. అమెరికాలో తొమ్మిదో తరగతి విద్యార్థులు సుమారు 12,000 మందితో చేసిన పెద్ద పరిశోధన 2019లో వచ్చింది. తెలివి పెరుగుతుందన్న నమ్మకం కలిగించే గంటలోపు పాఠంతో, చదువులో వెనకబడ్డ పిల్లల గ్రేడు సగటున 0.1 పాయింటు పెరిగింది. చిన్న మార్పే. కానీ గంట కూడా పట్టని పాఠానికి అది తక్కువేమీ కాదనిపిస్తుంది నాకు.

మీరు ఎక్కడ ఆగిపోయారో నాకు తెలియదు. ఈ వారం మీకు అర్థం కాకపోయినా తలూపిన సందర్భం ఒక్కటి గుర్తు తెచ్చుకోండి. అదే మనిషి దగ్గరికి వెళ్లి "నాకు అర్థం కాలేదు, ఇంకోసారి చెప్పండి" అనండి. మొదటిసారి గొంతు వణుకుతుంది. నాకు ఇప్పటికీ వణుకుతుంది.

మొన్న మా అమ్మాయి లెక్కల పరీక్ష పేపరు తెచ్చి చూపించింది. మంచి మార్కులు. "నా బంగారం, నీ తెలివి..." అని నోటిదాకా వచ్చింది. ఆపుకుని, "ఏ లెక్క దగ్గర ఎక్కువసేపు ఆగిపోయావు?" అని అడిగాను. ఒక క్షణం నా మొహంలోకి చూసింది. తర్వాత పేపరు తిప్పి, తప్పు పోయిన ఏడో లెక్క దగ్గర వేలు పెట్టి, అక్కడ తను మొదట ఏమనుకుందో, ఎక్కడ దారి తప్పిందో, మళ్లీ ఎలా పట్టుకోబోయిందో అరగంట సేపు చెప్పింది.