కడుపు చిన్నదయ్యాక: బరువు తగ్గే ఆపరేషన్‌పై మీ ప్రశ్నలు, మా జవాబులు

బరువు తగ్గే ఆపరేషన్ గురించి తిరుపతి, చిత్తూరు వైపు నుంచి ఈసారి చాలా ఉత్తరాలు వచ్చాయి. ఈ ప్రాంతంవాళ్లు ఎంతోమంది చెన్నైకో వెల్లూరుకో బెంగళూరుకో వెళ్లి ఆపరేషన్ చేయించుకుని, కొద్ది రోజుల్లోనే ఇంటికి వచ్చేస్తారు. అసలు సందేహాలు ఆ తర్వాత, వంటింట్లో మొదలవుతాయి. ఆపరేషన్ దాటినవాళ్లం, ఒక డైటీషియన్ కలిసి ఈ జవాబులు రాస్తున్నాం. ఇక్కడ స్లీవ్ అంటే కడుపులో ఎక్కువ భాగం తీసేసి సన్నటి గొట్టంలా మిగిల్చే ఆపరేషన్. బైపాస్ అంటే గుండెది కాదు, కడుపును చిన్న సంచిలా చేసి పేగుకు కలిపే ఆపరేషన్. మందుల మోతాదు మాత్రం మీ డాక్టరే చెప్పాలి.

వచ్చే నెల మా ఆయనకు స్లీవ్ ఆపరేషన్. రెండు వారాల ముందు నుంచే అన్నం, సంగటి మానేయమన్నారు. "కోతకు ముందు ఒంట్లో బలముండాలి, కడుపునిండా తిననీ" అంటోంది మా అత్త. ఏం చేయాలి? (పుత్తూరు)

డాక్టర్ చెప్పినట్టే చేయండి. ఇదంతా కాలేయం కోసం. బరువు ఎక్కువున్నవాళ్లలో చాలామందికి కాలేయం కొవ్వు పట్టి ఉబ్బి ఉంటుంది. దాని ఎడమ భాగం జీర్ణాశయం మీదికి వాలి ఉంటుంది. సర్జన్ దాన్ని పైకెత్తి పట్టుకుంటేనే కింద పని చేయగలరు. అన్నం, పిండి, తీపి తగ్గించేసరికి కాలేయంలో నిలవున్న చక్కెర (గ్లైకోజెన్), దాంతోపాటు నీరు ఖర్చవుతాయి, కొవ్వూ కొంత కరుగుతుంది. రెండు వారాల్లో కాలేయం మెత్తబడి చిన్నదవుతుంది. అలా కాకపోతే అది చిట్లి రక్తం కారవచ్చు, కెమెరా ఆపరేషన్ కాస్తా పెద్ద కోత కావచ్చు, లేదంటే మధ్యలోనే ఆపి వాయిదా వేయొచ్చు.

సాధారణంగా రోజుకు 800 నుంచి 1000 కేలరీలు ఇస్తారు. గుడ్లు, పెరుగు, పనీరు, ఉడికించిన కోడి, సొరకాయ, బీరకాయ, ఆకుకూరలు, డైటీషియన్ చెప్పిన ప్రొటీన్ పొడి. మీ అత్తగారు అనే బలం ప్రొటీన్‌లో ఉంది, అది ఇందులో సరిపడా ఉందని ఆమెకు చెప్పండి. ఆయనకు షుగర్ ఉంటే ఈ తిండి మొదలుపెట్టే ముందే డాక్టర్‌ని అడగాలి. తిండి తగ్గించి ఇన్సులిన్, గ్లిమెపిరైడ్ పాత మోతాదులోనే వాడితే షుగర్ పడిపోతుంది. డాపాగ్లిఫ్లోజిన్ రకం షుగర్ మాత్రలైతే ఆపరేషన్‌కు కనీసం 3 రోజుల ముందే ఆపిస్తారు. వాటితో షుగర్ మామూలుగా కనిపిస్తూనే రక్తంలో కీటోన్లు (కొవ్వు కరిగేటప్పుడు పుట్టే ఆమ్లాలు) ప్రమాదకరంగా పెరగొచ్చు. బీడీ, సిగరెట్ అలవాటుంటే కనీసం 6 వారాల ముందు నుంచి మానాలి. ఆయన ఇంకా మానకపోతే ఆ సంగతి సర్జన్‌కు దాచకుండా చెప్పండి.

స్లీవ్ అయి ఆరు వారాలు. మెత్తటి తిండి తినొచ్చన్నారని సంగటి, పప్పు పెట్టుకున్నా. రెండో ముద్దకే రొమ్ములో ఇరుక్కున్నట్టు నొప్పి, నోట్లో నురగలాంటి ఉమ్మి, ఆఖరికి వాంతి. సంగటికంటే మెత్తటిది ఇంకేముంది? (పలమనేరు)

సంగటిని మనం నమలం. పులుసులో అద్ది మింగేస్తాం. చిన్నప్పటి నుంచీ గొంతుకు అదే అలవాటు. స్లీవ్ తర్వాత మిగిలేది 100 నుంచి 150 మిల్లీలీటర్లు పట్టే సన్నటి గొట్టం. నమలని జిగురు ముద్ద అందులోకి పోతే విడిపోదు, కదలదు. పైనుంచి ఉమ్మి చేరుతూ ఉంటుంది, అదే మీరు చూసిన నురగ. దోసె, మెత్తటి బ్రెడ్డు, ముద్దగా ఉడికిన అన్నం కూడా ఇదే తంటా తెస్తాయి.

ఇరుక్కున్నప్పుడు వెంటనే తినడం ఆపి, లేచి నెమ్మదిగా నడవండి. నీళ్లతో కిందికి తోయాలని చూడొద్దు. దారి మూసుకుని ఉంటుంది కనుక ఆ నీళ్లూ పైకే వస్తాయి. తగ్గాక ఆ పూటకు ఘనాహారం వద్దు, పల్చటివి గుటక గుటకగా తాగండి. నాలుగైదు గంటలైనా ఉమ్మి కూడా మింగలేకపోతే ఆస్పత్రికి వెళ్లాలి.

సంగటి జోలికి మూడు నెలల దాకా పోవద్దు. అప్పుడు కూడా ముందు గుడ్డో కూరలో ముక్కలో తిని, తర్వాత ఒక చెంచా సంగటి, శనగగింజంత చొప్పున, 20 నుంచి 25 సార్లు నమిలి తినండి. భోజనానికి 20 నుంచి 30 నిమిషాలు పట్టాలి. తినేటప్పుడు నీళ్లు వద్దు, తిన్న అరగంట తర్వాతే. మిగతా రోజంతా కలిపి లీటరున్నర నుంచి రెండు లీటర్లు పోవాలి.

ముందు కూర, తర్వాత సంగటి అనడానికి కారణముంది. 100 గ్రాముల రాగిపిండిలో ప్రొటీన్ 7 గ్రాములే. మీకు రోజుకు 60 గ్రాములకు తక్కువ కాకుండా కావాలి. ఉన్న కాస్త చోటూ సంగటే ఆక్రమిస్తే కండ కరుగుతుంది. మూడో నెలలో ఒక రోజు ఇలా ఉండొచ్చు: పొద్దున 200 మిల్లీలీటర్ల వెన్న తీసిన పాలలో ఒక స్కూప్ వే ప్రొటీన్ (పాల నుంచి తీసిన పొడి), రెండు విడతలుగా (30 గ్రాములు). పదింటికి ఒక గుడ్డు (6). మధ్యాహ్నం 60 గ్రాముల ఉడికిన కోడి (15). సాయంత్రం 100 గ్రాముల గడ్డ పెరుగు (4). రాత్రి 50 గ్రాముల పనీరు (9). మొత్తం 64. మాంసం తినని ఇళ్లలో మధ్యాహ్నానికి నానబెట్టి, నీళ్లు పిండేసి, సన్నగా తరిగిన మీల్‌మేకర్ వాడుకోవచ్చు. పొడిగా తూచిన 30 గ్రాములకు 15 గ్రాముల ప్రొటీన్ వస్తుంది. నాటుకోడి మాత్రం ఇంకా కొన్ని నెలలు ఆగాలి, దాని పీచు ఎంత నమిలినా తెగదు.

చెల్లెలికి బైపాస్ అయి ఐదు వారాలు. పది రోజులుగా ఏం తిన్నా వాంతే. ఊళ్లో ఆర్ఎంపీ దగ్గర రోజూ గ్లూకోజ్ పెట్టిస్తున్నాం. రెండు రోజులుగా నడక తూలుతోంది, నీరసం అనుకుంటున్నాం. (శ్రీకాళహస్తి దగ్గర పల్లె)

ఈ ఉత్తరం అందగానే ఫోన్ చేసి, ఆలస్యం చేయకుండా పెద్దాస్పత్రికి తీసుకెళ్లమన్నాం. ఇక్కడ అచ్చు వేస్తున్నది మిగతావాళ్ల కోసం.

అది ఉత్త నీరసం కాకపోవచ్చు. ఒంట్లో విటమిన్ బి1 నిల్వ రెండు మూడు వారాలకు మించి ఉండదు. వాంతులతో అది అయిపోతుంది. ఆ స్థితిలో ఉత్త గ్లూకోజ్ ఎక్కిస్తే, దాన్ని వాడుకోవడానికి ఒళ్లు మిగిలిన బి1 కూడా ఖర్చు చేసేస్తుంది. నడక తూలడం, చూపు రెండుగా కనపడడం, కనుగుడ్లు అదరడం, మాట పొంతన లేకపోవడం మెదడుకు దెబ్బ తగులుతోందనడానికి గుర్తులు. ఆలస్యమైతే జ్ఞాపకశక్తి మళ్లీ రాకపోవచ్చు. ఏ ఆస్పత్రికి వెళ్లినా ముందు చెప్పాల్సింది ఇది: "బరువు తగ్గే ఆపరేషన్ అయింది, రోజుల తరబడి వాంతులు, గ్లూకోజ్ కంటే ముందు బి1 ఇంజెక్షన్ ఇవ్వండి." వాంతులకు కారణం కూడా వెతకాలి. ఈ వారాల్లో కుట్టు వేసిన చోట దారి సన్నబడడం ఉంటుంది. ఎండోస్కోపీలో బెలూన్‌తో దాన్ని వెడల్పు చేస్తారు.

ఆపరేషన్ అయిన మొదటి నెలలో నాడి నిమిషానికి 120 దాటినా, జ్వరం, ఎడమ భుజంలో నొప్పి, ఆయాసం, పిక్క వాపు, నల్లటి విరేచనం వీటిలో ఏది కనపడినా తెల్లారేదాకా ఆగొద్దు, 108కి ఫోన్ చేయండి.

తిరుపతిలో ఆపరేషన్ అయినవాళ్లం ఏడెనిమిదిమందిమి పరిచయమయ్యాం. నెలకోసారి కలవాలనుంది. వాట్సాప్‌లో అయితే అప్పుడే "నేను ఇన్ని కిలోలు, నువ్వెంత" మొదలైంది. ఎలా నడపాలి? (తిరుపతి)

తప్పకుండా కలవండి. డాక్టర్ దగ్గర పది నిమిషాల్లో అడగలేని మాటలు ఎన్నో ఉంటాయి. పెళ్లి భోజనంలో విస్తరి ముందు ఏం చేయాలి, బస్సులో వాంతి వస్తే ఎలా, వేలాడే చర్మం కింద ఒరుపుకి ఏం రాసుకోవాలి, ఇవన్నీ దాటినవాళ్లే చెప్పగలరు.

8 నుంచి 12 మంది, గంటన్నర చాలు. ఎవరింట్లోనూ పెట్టుకోవద్దు, ఇల్లంటే టిఫిన్ వస్తుంది, వద్దనలేరు. బడిగదో కల్యాణ మండపంలో చిన్న గదో చూడండి. చేతులు లేని, గట్టి కుర్చీలు ఉండాలి. ఆపరేషన్‌కు ముందున్న మనిషి పట్టని కుర్చీని చూసి గుమ్మంలోంచే వెనక్కి పోతే, మళ్లీ రాడు. ఆపరేషన్ ఆలోచనలో ఉన్నవాళ్లను కూడా పిలవండి, మంచీ చెడూ రెండూ వినిపించండి. రెండు నెలలకోసారి ఇంట్లో వండేవాళ్లను తీసుకురండి.

నియమాలు మొదటి రోజే ఖాయం చేసుకోండి. ఎవరి అనుభవం వాళ్లు చెప్పాలి, ఎదుటివాళ్లు ఏం చేయాలో చెప్పకూడదు. మాత్రల మోతాదు మాట్లాడకూడదు. ప్రొటీన్ డబ్బాలు, పొడులు అమ్మేవాళ్లకు చోటు లేదు. ఫొటోలు బయటికి పోకూడదు. కిలోలు అందరి ముందూ చెప్పకూడదు. మొదట ఎంత బరువున్నారు, ఆడో మగో, వయసెంత, షుగర్ ఉందా, స్లీవా బైపాసా అన్నదాన్ని బట్టి లెక్క మారిపోతుంది. పైగా మూడో వారానికీ ఆరో వారానికీ మధ్య చాలామందికి తూకం ముల్లు కదలదు. ఆ సమయంలో పక్కవాళ్ల అంకె చూసి తిండి ఇంకా తగ్గించేవాళ్లుంటారు. దాంతో ప్రొటీన్ తగ్గి జుట్టు, కండ పోతాయి.

మాకు అన్నిటికంటే ముఖ్యమనిపించేది రానివాళ్లకు ఫోన్ చేయడం. అదనపు బరువులో 60 నుంచి 70 శాతం ఏడాది, ఏడాదిన్నరలో తగ్గుతుంది. రెండేళ్ల తర్వాత కొంత తిరిగి రావడం మామూలే. సరిగ్గా అప్పుడే సిగ్గుపడి మానేస్తారు, సాయం కావలసింది కూడా అప్పుడే. మద్యం విషయం కూడా దాచకుండా మాట్లాడుకోండి. ఆపరేషన్ తర్వాత, ముఖ్యంగా బైపాస్ అయినవాళ్లకు, కొంచెం తాగినా త్వరగా ఎక్కుతుంది, అలవాటుగా మారే ముప్పూ ఎక్కువ. ఎవరైనా బతుకు మీద విరక్తిగా మాట్లాడితే ఓదార్పుతో సరిపెట్టకండి. వాళ్లను ఒంటరిగా వదలకుండా, ఇంట్లోవాళ్లకు చెప్పి, మనసు బాగాలేనివాళ్లకు సాయం చేసే ఫోన్ లైన్ టెలిమానస్ 14416కు మీరే కలిపి ఇవ్వండి.

నాలుగో నెల. దువ్వెన నిండా జుట్టే. కొండ మీద గుండు చేయించుకుంటే ఒత్తుగా వస్తుందంటున్నారు, నిజమేనా? (తిరుచానూరు)

మొక్కుంటే తీర్చుకోండి. జుట్టు రాలడానికీ దానికీ సంబంధం లేదు, గుండు వల్ల కుదుళ్లు మారవు. బరువు వేగంగా తగ్గినప్పుడు ఎక్కువ కుదుళ్లు ఒకేసారి విశ్రాంతిలోకి పోతాయి, మూడు నుంచి ఆరు నెలల మధ్య ఆ జుట్టు రాలుతుంది. తర్వాత మళ్లీ వస్తుంది. ప్రొటీన్ లెక్క చూసుకోండి. ఏడాది దాటినా రాలుతుంటే ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ), జింక్, థైరాయిడ్ పరీక్షలు చేయించండి. జుట్టుకని అమ్మే బయోటిన్ మాత్రలకు పెద్దగా ఖర్చు పెట్టొద్దు.

బైపాస్ సంగతి అత్తగారింట్లో చెప్పలేదు. మాత్రలన్నీ రాత్రి ఒక్కసారే గదిలో మింగేస్తున్నా. ఫర్వాలేదా? (చిత్తూరు)

ఎవరికి చెప్పాలన్నది మీ ఇష్టం. కానీ వండే మనిషికి, అర్ధరాత్రి మిమ్మల్ని ఆస్పత్రికి తీసుకెళ్లే మనిషికి తెలిసుండాలి. మిగతావాళ్లకు "కడుపు ఆపరేషన్ అయింది, కొంచెం కొంచెం తినమన్నారు" అంటే అబద్ధమూ కాదు. ఆపరేషన్ పేరు, తేదీ, సర్జన్ ఫోన్ నంబరు రాసిన కార్డు పర్సులో పెట్టుకోండి.

మాత్రలు ఒకేసారి మాత్రం వద్దు. కాల్షియం ఒక విడతలో 500, 600 మిల్లీగ్రాములకు మించి ఒంటికి పట్టదు, రోజుకు 1200 నుంచి 1500 కావాలి. అందుకే రెండు మూడు విడతలు. బైపాస్ అయినవాళ్లకు కాల్షియం సిట్రేట్ మంచిది, కార్బొనేట్ కరగడానికి ఆమ్లం కావాలి, మీ కడుపులో అది తక్కువ. ఐరన్‌కూ కాల్షియంకూ మధ్య రెండు గంటలు ఎడం ఉంచండి, ఐరన్‌తో టీ, కాఫీ వద్దు. బి12 మాత్రగానో ఇంజెక్షన్‌గానో జీవితాంతం.

పెరటాసి నెల శనివారాలు ఒంటిపూట ఉంటాను, మొక్కు కూడా ఉంది, నడిచి కొండెక్కాలి. స్లీవ్ అయి రెండు నెలలు. (చంద్రగిరి)

ఈ ఏడాది ఒంటిపూట వద్దు. ఒక్క పూటలో మీ కడుపుకు 60 గ్రాముల ప్రొటీన్ పట్టదు. శనివారం మాంసం మానేసి పాలు, పెరుగు, పనీరు, పప్పుతో నాలుగైదు సార్లు తినండి. నీళ్లు మానే ఉపవాసం అసలే వద్దు.

నడక మూడు నెలలు నిండాక, డాక్టర్ సరేనన్నాకే. అలిపిరి దారి సుమారు 9 కిలోమీటర్లు, 3550 మెట్లు. శ్రీవారి మెట్టు 2388 మెట్లే అయినా నిటారు, మోకాళ్లకు కష్టం. బీపీ మాత్ర పాత మోతాదే వేసుకుంటుంటే ముందు చూపించుకోండి, బరువు తగ్గాక అది ఎక్కువై కళ్లు తిరుగుతాయి. పది నిమిషాలకోసారి రెండు గుటకల నీళ్లు తాగండి. క్యూలో ఎంతసేపవుతుందో తెలియదు కనుక పనీరు ముక్కలో ప్రొటీన్ పొడో దగ్గరుంచుకోండి. లడ్డూ వేలికొసకు వచ్చినంత చాలు. ఎక్కువ తింటే, మరీ ముఖ్యంగా బైపాస్ అయినవాళ్లకు, అరగంటలోపే గుండెదడ, చెమట, కడుపులో మెలిక, విరేచనం రావొచ్చు. ఒకటి నుంచి మూడు గంటల తర్వాత షుగర్ పడిపోయి వణుకూ రావొచ్చు.

ఆపరేషన్ అయి ఐదు నెలలు, ఏళ్లుగా లేని నెలసరి సరిగా వస్తోంది. బిడ్డ కోసం ఇప్పుడే చూడొచ్చా? (కుప్పం)

ఏడాది నుంచి ఏడాదిన్నర ఆగండి. బరువు వేగంగా తగ్గే కాలంలో బిడ్డకు పోషణ చాలదు. బరువు తగ్గుతుంటే గర్భం త్వరగా నిలిచే అవకాశం కూడా పెరుగుతుంది కనుక జాగ్రత్త ఇప్పటి నుంచే ఉండాలి. బైపాస్ అయితే గర్భనిరోధక మాత్రలు సరిగా ఒంటికి పట్టకపోవచ్చు, కాపర్‌టీ లాంటిది అడగండి. గర్భం వచ్చాక బైపాస్ సంగతి డాక్టర్‌కు ముందే చెప్పండి. షుగర్ పరీక్షకని గ్లూకోజ్ నీళ్లు తాగిస్తే మీకు పడదు, వేలిచుక్కతో కొన్ని రోజులు చూడమనండి.

మోకాలి నొప్పికి మందుల షాపులో డైక్లోఫెనాక్ ఇచ్చారు. బైపాస్ అయి ఏడాది. వేసుకోవచ్చా? (నగరి)

వద్దు. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్ రకం మాత్రలు కుట్టు చోట పుండు చేస్తాయి, అది చిల్లు కూడా పడొచ్చు. ఇంజెక్షన్‌గా ఇచ్చినా అంతే. పారాసెటమాల్ అడగండి. ఎసిక్లోఫెనాక్, పారాసెటమాల్ కలిపిన మాత్రలు కూడా ఉంటాయి కనుక స్ట్రిప్ వెనక పేర్లన్నీ చదివించుకుని తీసుకోండి.