మెత్తగా, మోత లేకుండా ఉంటాయని అమ్మిన టైర్లు రొద పెడుతుంటే చట్టం ఏం చెబుతుంది?

ప్రశ్న: నాది రోజూ ఆఫీసుకు తిరిగే కారు. రానూపోనూ 60 కిలోమీటర్లు. పాత టైర్లు అరిగిపోవడంతో ఆరు వారాల క్రితం నాలుగూ మార్పించాను. కొనేముందే షాపువాళ్లకు వాట్సాప్‌లో, "రోజూ తిరిగే బండి, శబ్దం ఉండకూడదు, కుదుపు తెలియకూడదు, ఏవి బాగుంటాయో మీరే చెప్పండి" అని పెట్టాను. వాళ్లు ఒక మోడల్ పేరు చెప్పి, "ఇవి వేయించుకోండి, లోపల చప్పుడే వినపడదు" అని జవాబిచ్చారు. మొదటి వారం నుంచే స్పీడు 50 దాటితే చాలు, తుమ్మెద రొదలాంటి మోత. వెనక సీట్లో ఉన్నవాళ్ల మాట వినపడటం లేదు. అడిగితే "కొత్త టైర్లు అంతే, తిరగ్గా తిరగ్గా సర్దుకుంటాయి" అన్నారు. బిల్లు మీద "అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు" అని ఉంది. పైగా నాలుగింటిలో రెండు టైర్లు మిగతా రెండింటికన్నా మూడేళ్లు పాతవని ఈ మధ్యే గమనించాను. నేను కేసు వేయవచ్చా? మళ్లీ కొనాల్సి వస్తే ఏం జాగ్రత్తలు తీసుకోవాలి?

జవాబు: వేయవచ్చు. అయితే "టైర్లు మోత పెడుతున్నాయి" అన్న ఒక్క మాట మీద కేసు నడపాలనుకుంటే ఇబ్బంది పడతారు. మీ చేతిలో అంతకన్నా గట్టి ఆధారం ఉంది. అది మీరు పెట్టిన ఆ వాట్సాప్ సందేశం, దానికి వచ్చిన జవాబు. దయచేసి ఆ సంభాషణను చెరపకండి. ఫోను మార్చినా పాత ఫోను దాచుకోండి.

ఎందుకంటే కారు లోపల ఎంత శబ్దం వినపడవచ్చో చెప్పే చట్టపరమైన కొలత టైరుకు లేదు. టైరు నేల మీద దొర్లేటప్పుడు బయటికి వచ్చే శబ్దానికి మాత్రం ప్రమాణం ఉంది. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లోని 95వ నిబంధనను 2022లో సవరించి, కార్ల టైర్లకు దొర్లుడు శబ్దం, తడి రోడ్డు మీద పట్టు, దొర్లేటప్పుడు ఎదురయ్యే నిరోధం, ఈ మూడింటికీ ప్రమాణాలు పెట్టారు. మీ టైరు ఆ పరీక్ష నెగ్గినదే అయి ఉండవచ్చు. నెగ్గినా మీ కారులో మోత పెట్టవచ్చు. అవతలి లాయరు మొదట చూపించేది ఆ సర్టిఫికెట్టే.

కానీ వినియోగదారుల రక్షణ చట్టం, 2019లో "లోపం" అన్న మాటకు అర్థం అక్కడితో ఆగదు. సెక్షన్ 2(10) ప్రకారం చట్టం కోరిన ప్రమాణం తగ్గినా లోపమే, ఒప్పందంలో ఉన్న ప్రమాణం తగ్గినా లోపమే, అమ్మినవాడు ఏ రూపంలోనైనా సరే తన సరుకు గురించి చెప్పుకున్న ప్రమాణం తగ్గినా లోపమే. ఆ మూడోది మీ కోసమే రాసినట్టుంది. "లోపల చప్పుడే వినపడదు" అన్నది అమ్మినవాడు చెప్పుకున్న మాట. అదంతా వ్యాపారంలో మామూలుగా వాడే పొగడ్త అని వాళ్లు వాదించవచ్చు. మీరు అవసరం చెప్పి అడిగిన ప్రశ్నకు వచ్చిన సూటి జవాబు కాబట్టి ఆ వాదనకు బలం తక్కువ.

రెండో ఆధారం సరుకుల విక్రయ చట్టం, 1930లోని సెక్షన్ 16. కొనేవాడు తన అవసరం ఏమిటో అమ్మేవాడికి ముందే చెప్పి, అతని అనుభవం మీద నమ్మకంతో కొంటే, ఆ సరుకు ఆ అవసరానికి పనికొచ్చేదిగా ఉండాలన్న షరతు ఒప్పందంలో ఎవరూ రాయకపోయినా ఉన్నట్టే లెక్క. అయితే ఇందులో ఒక మెలిక ఉంది. ఫలానా వస్తువే కావాలని దాని పేరు చెప్పి కొంటే ఈ రక్షణ వర్తించదు. అంటే మీరే షాపులోకి వెళ్లి "ఫలానా కంపెనీ ఫలానా మోడల్ నాలుగు ఇవ్వండి" అని ఉంటే, తర్వాత అవి రొద పెడుతున్నాయని అడిగే హక్కు చాలావరకు పోయేది. ఎంచుకున్నది మీరా, వాళ్లా? మీ కేసు మొత్తం ఈ ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది.

బిల్లు మీద మోడల్ పేరు ఉంది కాబట్టి మీరే పేరు చెప్పి కొన్నారని వాళ్లు అనవచ్చు. దానికి నూరేళ్ల కిందటే సమాధానం దొరికింది. ఇంగ్లండులో 1925 లా రిపోర్టుల్లో అచ్చయిన బాల్డ్రీ వర్సెస్ మార్షల్ కేసులో కొన్న ఆయన కార్ల డీలరు దగ్గరికి వెళ్లి, మామూలు ప్రయాణాలకు హాయిగా ఉండే కారు కావాలన్నాడు. వాళ్లు బుగాటీ కారు బాగుంటుందన్నారు. తీరా అది సౌకర్యంగా లేదు, ఆయన ప్రయాణాలకు పనికిరాలేదు. ఆర్డరులో కారు పేరు ఉన్నా, ఆ పేరును సూచించింది అమ్మినవాళ్లే, కొన్నాయన ఆధారపడింది వాళ్ల మాట మీదే అని కోర్టు ఆయన పక్షాన తీర్పిచ్చింది. ఇతర హామీలేవీ లేవని కాగితం మీద రాసుకున్న మాట కూడా డీలరును కాపాడలేదు. ఇంగ్లండు తీర్పు వినియోగదారుల ఫిర్యాదులు విచారించే మన కమిషన్లను కట్టిపడేయదు కానీ, మన 1930 చట్టానికి మూలం ఆ దేశపు చట్టమే కాబట్టి వాదనలో దానికి విలువ ఉంటుంది. నాకు ఈ కేసంటే ప్రత్యేకమైన ఇష్టం. సుఖంగా కూర్చుని ప్రయాణం చేయాలన్న మామూలు మనిషి కోరికను కోర్టు చిన్నచూపు చూడలేదు.

ఇక బిల్లు మీది ఆ వాక్యం. దాన్ని చూసి చాలామంది వెనక్కి తగ్గిపోతారు, అదే నాకు బాధ. డబ్బు కట్టాక చేతిలో పెట్టిన కాగితం మీద అచ్చువేసి ఉన్న మాట మీరు ఒప్పుకున్న షరతు అయిపోదు. లోపమున్న సరుకును బిల్లులో రాసిన గడువులోగా, గడువు రాయకపోతే 30 రోజుల్లోగా వాపసు తీసుకోవడానికో డబ్బు తిరిగివ్వడానికో నిరాకరించడం 2019 చట్టం సెక్షన్ 2(47) ప్రకారం అక్రమ వ్యాపార పద్ధతి. మీకు ఆరు వారాలు దాటింది నిజమే. అందుకే మొదటి వారంలో మీరు ఫిర్యాదు చేసిన సంగతికి రుజువు కావాలి. నోటిమాటగానే అడిగారా, మెసేజ్ పెట్టారా? కాల్ రికార్డులో తేదీ ఉన్నా పనికొస్తుంది.

కేసు మాట ఎత్తే ముందు ఒక్క పని తప్పకుండా చేయండి. ఆ మోత నిజంగా టైర్లదేనా అన్నది తేల్చుకోండి. కొన్నేళ్ల క్రితం నా కారు ఇలాగే రొద పెడితే నేనూ టైర్లనే తిట్టుకున్నాను. తీరా అది ముందు చక్రం బేరింగు. తేడా పట్టుకోవడం కష్టమేమీ కాదు. నున్నటి తారు రోడ్డు మీదా, గరుకు సిమెంటు రోడ్డు మీదా ఒకే వేగంతో వెళ్లి చూడండి. రోడ్డు మారగానే మోత మారితే అది టైరుదయ్యే అవకాశం ఎక్కువ. రోడ్డు మారినా అలాగే ఉండి, ఖాళీ రోడ్డు మీద స్టీరింగు కాస్త కుడికో ఎడమకో తిప్పినప్పుడు పెరుగుతూ తగ్గుతూ ఉంటే బేరింగును అనుమానించాలి. తర్వాత బండి ఆపి, అరచేతితో టైరు నేలను తాకే భాగాన్ని అడ్డంగా అటూ ఇటూ నిమరండి. ఒక వైపు నున్నగా, తిరుగు వైపు రంపపు పళ్లలా చేతికి తగిలితే వీల్ అలైన్‌మెంట్ తప్పి టైరు అరుగుతోందని అర్థం. అలాంటి టైరు ఎంత మంచిదైనా మోగుతుంది. గాలి డ్రైవరు వైపు తలుపు దగ్గర అంటించిన పట్టికలో ఉన్నంతే ఉందా? ఎక్కువ కొడితే కుదుపు పెరుగుతుంది. టైరు పక్కన బాణం గుర్తు ఉంటే అది ముందుకు తిరిగే దిశలోనే ఉందా? "ఔట్‌సైడ్" అని రాసి ఉన్న వైపు బయటికే ఉందా? తిరగేసి బిగించి ఉంటే అది బిగించిన షాపు తప్పు. అప్పుడు మీ కేసు సరుకు లోపం నుంచి సేవాలోపానికి మారుతుంది, గెలవడం ఇంకా తేలిక. ఈ పరీక్షలన్నీ అమ్మిన షాపుతో సంబంధం లేని మెకానిక్ దగ్గర చేయించి, తేదీ, కిలోమీటర్ల రీడింగుతో సహా సంతకం చేసిన కాగితం తీసుకోండి.

పాత టైర్ల సంగతి. మీరు చూసింది సరైన చోటే అనుకుంటాను. టైరు పక్కన డాట్ (DOT) అన్న అక్షరాలతో మొదలయ్యే వరుస చివర ఉండే నాలుగు అంకెల్లో మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. 1423 అంటే 2023లో 14వ వారం. మూడేళ్లు పాతదైనంత మాత్రాన, సరిగ్గా నిల్వ చేసి ఉంటే, టైరు పనికిరానిదైపోదు. కానీ రబ్బరు ఏళ్లు గడిచేకొద్దీ గట్టిపడుతుంది. గట్టి రబ్బరుకు మోతా ఎక్కువే, కుదుపూ ఎక్కువే. పాత సరుకును కొత్తదని చెప్పి అమ్మడం కూడా సెక్షన్ 2(47) కింద అక్రమ వ్యాపార పద్ధతే. మీ ఫిర్యాదులో దీన్ని రెండో అంశంగా పెట్టండి, మొదటిదిగా కాదు. వాడని టైరు "పాత సరుకు" కిందికి వస్తుందా అన్న దాని మీద వాదన సాగే వీలుంది. నాలుగు టైర్ల అంకెలూ స్పష్టంగా కనిపించేలా ఇవాళే ఫొటోలు తీయండి.

ఇప్పుడు చేయాల్సింది చెబుతాను. ముందుగా షాపుకు రాతపూర్వకంగా, "ఈ సరుకు నేను కోరిన అవసరానికి పనికిరావడం లేదు, అంగీకరించడం లేదు, మార్చి ఇవ్వండి లేదా డబ్బు తిరిగివ్వండి" అని 15 రోజుల గడువుతో రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు పంపండి. ఇది ఆలస్యం చేయకూడదు. తగిన సమయం దాటినా ఏమీ అనకుండా సరుకు ఉంచుకుంటే, అంగీకరించినట్టే అని 1930 చట్టం అంటుంది. అప్పుడు తిప్పి ఇచ్చే హక్కు పోయి నష్టపరిహారం అడిగే హక్కు మాత్రమే మిగులుతుంది. నోటీసు పంపినా దిగిరాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేయండి. చాలా వివాదాలు అక్కడే తెమిలిపోతాయి. తెమలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. షాపు ఎక్కడున్నా సరే, మీరు నివసించే చోటో ఉద్యోగం చేసే చోటో ఉన్న కమిషన్‌లోనే వేయవచ్చు. ఇంత చిన్న మొత్తానికి ఫీజు లేదు. ఆన్‌లైన్లో ఇ-జాగృతి పోర్టల్ ద్వారా దాఖలు చేయవచ్చు, లాయరు తప్పనిసరి కాదు. గడువు రెండేళ్లు. పరీక్ష చేయించనిదే లోపం తేలదనుకుంటే కమిషన్ టైరును ప్రయోగశాలకు పంపవచ్చు. ఆ ఖర్చు ముందుగా మీరు కట్టాల్సి ఉంటుంది.

మళ్లీ కొనేటప్పుడు ఏం చేయాలన్నది మీ రెండో ప్రశ్న. నిశ్శబ్దం, మెత్తదనం కావాలంటే నేలను తాకే భాగంలో పెద్ద పెద్ద రబ్బరు దిమ్మెలు, లోతు గాట్లు ఉన్న టైర్లకు దూరంగా ఉండండి. అవి మట్టిదారులకు. చిన్న చిన్న దిమ్మెలు వేర్వేరు కొలతల్లో ఉన్న నమూనా రోజూ తారు రోడ్డు మీద తిరిగే కారుకు బాగుంటుంది. దిమ్మెలన్నీ ఒకే కొలతలో ఉంటే ఒకే స్వరం మీద మోగుతాయి. లేబుల్ మీద డెసిబెల్స్ అంకె కనిపిస్తే సాయంగా తీసుకోండి. 3 డెసిబెల్స్ తేడా అంటే శబ్దశక్తిలో రెట్టింపు. అయితే ఆ అంకె రోడ్డు పక్కన పెట్టిన మైకు విన్నది, మీ చెవి విన్నది కాదు. అందానికని టైరు గోడ ఎత్తు తగ్గించి పెద్ద రిమ్ము వేయించుకుంటే ప్రతి గుంతా నడుముకు తెలుస్తుంది. కారు కంపెనీ ఆ మోడల్‌కు ఒప్పుకున్న సైజు, లోడు అంకె (టైరు మోయగల బరువు), స్పీడు అక్షరం (తట్టుకునే గరిష్ఠ వేగం) దాటి వెళ్లకండి. దాటితే ప్రమాదం జరిగినప్పుడు బీమా కంపెనీకి సాకు దొరుకుతుంది.

ఎంపిక మీదే అయినా షాపువాళ్లను అడగడం మానకండి. ఈసారి కూడా మీ అవసరం రాసి పంపండి, సలహా రాతలోనే తీసుకోండి. బిల్లు మీద "టైర్లు 4" అని కాకుండా సైజు, మోడల్, నాలుగింటి తేదీ అంకెలు రాయించండి. ఒకసారి ఒకావిడ నా దగ్గరికి "టైర్లు 4" అని మాత్రమే రాసిన బిల్లుతో వచ్చింది. ఆవిడ చెప్పిందంతా నిజమని నాకు నమ్మకం, కానీ ఏ టైరు అమ్మారో చూపించే ఒక్క అక్షరం ఆ కాగితం మీద లేదు.

చివరగా ఒక మాట. మోత భరించలేక మీరు ఈలోగా వేరే టైర్లు వేయించుకున్నా తప్పులేదు. తీసేసిన నాలుగింటినీ మాత్రం షాపువాడికి ఇవ్వకండి, పాత సామాన్లవాడికి వేయకండి. ఏది ఏ చక్రానిదో చాక్‌పీసుతో రాసి, ఎండ తగలని చోట పెట్టండి. కమిషన్ పరీక్షకు పంపమంటే పంపాల్సింది అవే.