పిల్లికి షుగర్ అన్నారా? బెంగళూరుకి కొత్తగా వచ్చిన మనవాళ్ళకి

ఊరు మారిన హడావిడిలో పిల్లి నీళ్ళు తెగ తాగుతున్నా, లిట్టర్ ట్రేలో తడి ఉండలు రోజురోజుకీ పెద్దవవుతున్నా కొత్త ఫ్లాటు పడలేదేమో, బోరు నీళ్ళు పడలేదేమో అనుకుని వదిలేస్తుంటారు. తిండి ఎప్పటికంటే ఎక్కువే తింటూ చిక్కిపోతున్నా, వెనక కాళ్ళు మడమల దాకా నేలకి ఆనించి నడుస్తున్నా ఇక ఆలస్యం చెయ్యొద్దు. ఆ మడమల నడక షుగర్ వల్ల నరాలు దెబ్బతినడంతో వచ్చేదే. షుగర్ అదుపులోకి వస్తే చాలా పిల్లుల్లో కొన్ని వారాల నుంచి నెలల్లో మెరుగవుతుంది.

అలాగని క్లినిక్‌లో ఒక్కసారి 300 చూపించగానే షుగర్ అని తేల్చెయ్యకూడదు. సిల్క్ బోర్డు ట్రాఫిక్‌లో గంటసేపు బుట్టలో ఇరుక్కుని, ఆపైన వెయిటింగ్ హాల్లో కుక్కల అరుపులు విన్న పిల్లికి ఏ జబ్బూ లేకపోయినా భయంతోనే అంత రావచ్చు. ఫ్రక్టోజమీన్ పరీక్ష చేయించమని అడగండి. గడిచిన ఒకటి రెండు వారాల్లో షుగర్ ఎలా ఉందో అది చెబుతుంది, ఆ ఒక్క గంట కంగారుతో మారదు. మూత్రంలో గ్లూకోజ్‌తో పాటు కీటోన్లు (ఒళ్ళు షుగర్‌ని వాడుకోలేక కొవ్వుని కరిగించినప్పుడు పుట్టే పదార్థాలు) కూడా చూడాలి. పాత ఊళ్ళో దురదకో ఉబ్బసానికో స్టెరాయిడ్ ఇంజెక్షన్ వేయించి ఉంటే ఆ చీటీ తప్పకుండా చూపించండి. షుగర్ తెచ్చిపెట్టింది అదే కావచ్చు. పంటి చీము, మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉన్నా ఇన్సులిన్ సరిగ్గా పనిచెయ్యదు. దగ్గర్లో మంచి డాక్టరు ఇంకా కుదరకపోతే హెబ్బాళ్‌లో వెటర్నరీ కాలేజీ ఆసుపత్రి ఉంది. కానీ మొదటి ఇంజెక్షన్ వేసేలోపే, రాత్రి రెండింటికి కూడా తలుపు తీసే క్లినిక్ మీ ఇంటికి దగ్గర్లో ఏదో కనుక్కుని నంబరు ఫోన్లో పెట్టుకోవాలి.

అంత ముందుజాగ్రత్త ఎందుకంటే, కొత్తవాళ్ళందరూ షుగర్ ఎక్కువుందని భయపడతారు గానీ ఇంట్లో ప్రమాదం ఎక్కువగా జరిగేది ఇన్సులిన్ ఎక్కువై. తింటూ తిరుగుతూ ఉన్న పిల్లి 350తో కొన్నాళ్ళు నెట్టుకొస్తుంది. 40కి పడిపోయిన పిల్లికి మాత్రం గంట కూడా వ్యవధి ఉండకపోవచ్చు. కింద చెప్పేదంతా దీన్ని మనసులో పెట్టుకుని చదవండి.

ముందు సిరంజి సంగతి. మన మెడికల్ షాపుల్లో ఇన్సులిన్ సిరంజీలు రెండు రకాలు. ఎర్ర మూతది మిల్లీలీటరుకి 40 యూనిట్ల మందు కోసం, నారింజ మూతది 100 యూనిట్ల మందు కోసం. పిల్లులకి ఎక్కువగా రాసే గ్లార్జిన్ (లాంటస్, బేసలాగ్ లాంటివి) 100 యూనిట్లది. మనుషులకి వాడే మామూలు ఇన్సులిన్ సీసాలు మన దగ్గర చాలావరకు 40వి కాబట్టి, షాపులో సిరంజి అనగానే అలవాటుగా ఎర్ర మూతది చేతిలో పెడతారు. ఎర్ర సిరంజిలో ఒక యూనిట్ గీత అంటే 0.025 మిల్లీలీటరు. అంత గ్లార్జిన్‌లో రెండున్నర యూనిట్లుంటాయి. ఒక యూనిట్ వెయ్యాల్సిన నాలుగు కిలోల పిల్లికి రెండున్నర వెళ్ళిపోతుంది, మీకేమో గీత సరిగ్గానే కనిపిస్తుంది.

దీనికి తిరగేసిన తప్పు ఇంకా మోసం చేస్తుంది. డాక్టరు కేనిన్సులిన్ లాంటి 40 యూనిట్ల జంతువుల ఇన్సులిన్ రాస్తే, నారింజ సిరంజిలో ఒక గీతకి వెళ్ళేది 0.4 యూనిట్ మాత్రమే. షుగర్ దిగదు, డాక్టరు డోసు పెంచుతారు, మళ్ళీ దిగదు, మళ్ళీ పెంచుతారు. ఒకరోజు ఇంట్లో ఇంకెవరో సరైన సిరంజి కొనుక్కొస్తారు. ఆ రోజు పెరిగిన డోసంతా ఒక్కసారి ఒంట్లోకి పోతుంది. సీసా మీద అంకె, సిరంజి మీద అంకె రెండూ ఒకటేనా అని కౌంటరు దగ్గరే చూసుకోండి.

నారింజ మూతలో కూడా ఒక మిల్లీలీటరు సిరంజి పనికిరాదు. దాని మీద సాధారణంగా ఒక్కో గీత రెండు యూనిట్లు. 0.3 మిల్లీలీటరుది, అర యూనిట్ గీతలున్నది అడగండి. వీధి చివర షాపులో లేకపోతే తెప్పించమనండి, లేదా ఆన్‌లైన్‌లో పెట్టె కొనుక్కోండి. ఇన్సులిన్ మాత్రం ఆన్‌లైన్‌లో వద్దు, ఎండలో డెలివరీ బండి మీద ఎంతసేపుందో తెలియదు. షాపు ఫ్రిజ్‌లోంచి తీయించి, ఐస్ ప్యాక్‌కి గుడ్డ చుట్టి పక్కన పెట్టుకుని తెచ్చుకోండి. మందు ఐసుకి నేరుగా ఆనకూడదు, గడ్డకడితే పారెయ్యడమే. పెద్ద సీసా దండగ కూడా. పూటకి ఒక యూనిట్ చొప్పున రోజుకి రెండే ఖర్చవుతాయి, 3 మిల్లీలీటర్ల కార్ట్రిడ్జ్‌లోనే 300 ఉంటాయి. దాన్ని పెన్నులో పెట్టకుండా సిరంజితోనే తీసుకోవచ్చు, లోపలికి గాలి మాత్రం ఎక్కించకండి. తెరిచాక 28 రోజులని కంపెనీ రాస్తుంది. ఫ్రిజ్‌లో ఉంచి అంతకంటే ఎక్కువ కాలం వాడించే పశువైద్యులున్నారు, మీ డాక్టరు మాట వినండి. గ్లార్జిన్ నీళ్ళలా తేటగా ఉండాలి. మబ్బుగా అయినా, పలుకులు తేలినా వాడొద్దు. గట్టిగా ఊపొద్దు, నీళ్ళు కలపొద్దు. ఫ్రిజ్ తలుపులో కాకుండా మధ్య అరలో పెట్టండి.

డోసు డాక్టరు చెప్పాల్సిందే. సాధారణంగా పన్నెండు గంటలకొకసారి ఒక యూనిట్‌తో మొదలవుతుంది, ఎంత బొద్దు పిల్లికైనా మొదట్లో రెండు దాటించరు. టైము మీ ఆఫీసుని బట్టి పెట్టుకోండి. ఔటర్ రింగ్ రోడ్డు మీద సాయంత్రం ఆరున్నరకల్లా ఇల్లు చేరతానని ఎవరూ మాటివ్వలేరు కాబట్టి, ఉదయం తొమ్మిది, రాత్రి తొమ్మిది లాంటివి నిలబడతాయి. ఒక గంట అటూఇటూ అయితే కొంప మునగదు. ఒక పూట తప్పిపోయినా ఫరవాలేదు, తర్వాతి పూట మామూలు డోసే వెయ్యాలి. రెండుసార్లు పడటమే ప్రమాదం. మొగుడూపెళ్ళాల్లో ఒకరు వేసిన సంగతి ఇంకొకరికి తెలియక అలా జరుగుతుంది. ఫ్రిజ్ మీద కాగితం అంటించి, వేసిన వెంటనే టైము రాయండి. వేశామో లేదో అనుమానమొస్తే వెయ్యకండి.

వేసే పద్ధతి కష్టమేమీ కాదు. ముందు తిండి పెట్టండి, తింటోందని చూశాక సూది తియ్యండి. సిరంజిలో బుడగలు లేకుండా గీత దగ్గర కంటికి సమానంగా పెట్టి చూడండి. మెడ వెనక కంటే పక్కటెముకల వైపు, డొక్క వైపు చర్మం మేలు, రోజూ ఒకేచోట కాకుండా మారుస్తుండాలి. రెండు వేళ్ళతో చర్మం గుడారంలా ఎత్తి, ఆ గుడారం అడుగున సూది గుచ్చి, మెల్లగా నొక్కి, ఒక క్షణం ఆగి తియ్యండి. అవతలివైపు నుంచి సూది బయటికి రావడం కొత్తలో మామూలే. బొచ్చు తడిగా తగిలినా, ఆసుపత్రి మందు వాసన వేసినా మందు బయట పడ్డట్టే. ఎంత పడిందో తెలియదు కాబట్టి మళ్ళీ వెయ్యొద్దు, ఆ పూటకి వదిలెయ్యండి. వాడిన సూదులు గట్టి ప్లాస్టిక్ డబ్బాలో వేసి మూత బిగించి క్లినిక్‌లో ఇవ్వండి. చెత్త సంచిలో వేస్తే పౌరకార్మికుల చేతికి గుచ్చుకుంటాయి.

ఇక తిండి. పెరుగన్నం, పాలన్నం ఆపెయ్యాలి, అమ్మమ్మగారు ఎంత బతిమాలినా సరే. మనం తినే కోడికూర ముక్క కూడా వద్దు, ఉల్లి, వెల్లుల్లి పిల్లికి విషం. ఉత్త ఉడికించిన చికెన్ ఒక్కటే రోజూ పెడితే కాల్షియం, పిల్లికి తప్పనిసరైన టారిన్ అనే పోషకం చాలవు. పిండిపదార్థం తక్కువున్న తడి ఫుడ్ కావాలి, మొత్తం కేలరీల్లో పిండి వాటా 12 శాతం లోపు ఉంటే మంచిది. ప్యాకెట్ మీద ఆ అంకె రాయరు, మనమే తియ్యాలి. నూరులోంచి ప్రోటీన్, కొవ్వు, పీచు, తేమ, బూడిద (ప్యాకెట్ మీద ash అని ఉంటుంది, అంటే ఖనిజాలు) శాతాలు తీసేస్తే మిగిలేది పిండి. బూడిద రాయకపోతే తడి ఫుడ్‌కి 2, పొడి ఫుడ్‌కి 8 అనుకోండి. ప్రోటీన్‌ని, పిండిని 3.5తో, కొవ్వుని 8.5తో గుణిస్తే కేలరీలొస్తాయి. తేమ 80, ప్రోటీన్ 11, కొవ్వు 5, పీచు 0.5, బూడిద 2 ఉన్న పౌచ్‌లో పిండి 1.5, అంటే కేలరీల్లో 6 శాతం. తేమ 10, ప్రోటీన్ 32, కొవ్వు 12, పీచు 4, బూడిద 8 ఉన్న పొడి ఫుడ్‌లో పిండి 34, కేలరీల్లో దాదాపు 36 శాతం. చిక్కటి గ్రేవీ పౌచ్‌లలో గ్రేవీ కోసం స్టార్చ్ కలుపుతారు, ముద్దలా ఉండేవి నయం.

అయితే ఇన్సులిన్ మీదున్న పిల్లికి రాత్రికి రాత్రి తిండి మార్చకండి. పొడి ఫుడ్ మానేసి తడికి మారగానే ఇన్సులిన్ అవసరం బాగా పడిపోవచ్చు, నిన్నటి డోసే ఇవాళ ఎక్కువైపోతుంది. డాక్టరుకి చెప్పి, డోసు మాట్లాడుకుని, ఇంట్లో షుగర్ చూసుకుంటూ వారం పది రోజుల్లో మార్చండి. కొత్తది నచ్చక పిల్లి అలిగి పస్తుంటే పంతానికి పోవద్దు, లావు పిల్లి రెండు మూడు రోజులు తినకపోతే కాలేయానికి కొవ్వు పడుతుంది. తినని పూట ఇన్సులిన్ మామూలుగా వేసెయ్యకుండా ఫోన్ చెయ్యండి.

షుగర్ ఇంట్లో చూడటం చెవి అంచున. గోరువెచ్చని తడిగుడ్డ ఒక నిమిషం పెట్టి, తుడిచి, అంచుమీద వాజలీన్ పలచగా రాస్తే రక్తం బొచ్చులోకి పాకకుండా చుక్కలా నిలుస్తుంది. చెవి వెనక దూది మడిచి పట్టుకుని, అంచు వెంట పోయే రక్తనాళానికి కొంచెం బయటగా గుచ్చండి. తర్వాత అరనిమిషం అదిమి, ఇష్టమైన ముక్క ఒకటి పెట్టండి. మనుషుల మీటర్ పిల్లి రక్తంలో అసలు కంటే తక్కువ చూపిస్తుంది, ఎప్పుడూ అదే మీటర్ వాడి, ఏ మీటరో డాక్టరుకి చెప్పండి. వేసేముందు 200 లోపు ఉంటే అడక్కుండా వెయ్యొద్దు. డోసు మొదలెట్టిన వారానికి ఒక ఆదివారం రెండేసి గంటలకొకసారి పన్నెండు గంటలు చూసి రాసుకోండి. వాటిలో అన్నిటికంటే తక్కువ అంకె 80, 150 మధ్య ఉంటే డోసు కుదిరినట్టు. ఇంకా ఎక్కువుంటే డాక్టరు అర యూనిట్ పెంచుతారు, ఆ తర్వాత మళ్ళీ వారం ఆగాలి. రోజూ అంకె చూసి రోజూ డోసు మార్చడం దీన్ని చెడగొట్టే పని. చెవి గుచ్చనివ్వని పిల్లికి ఒంటి మీదే ఉండి షుగర్ చూపించే మనుషుల ఫ్రీస్టైల్ లిబ్రే సెన్సర్ బొచ్చు గొరిగి అంటిస్తారు. పద్నాలుగు రోజులదే గానీ పిల్లి మీద అన్నాళ్ళు నిలవకపోవచ్చు.

60 లోపు పడినా, తూలుతున్నా, పిచ్చి ఆకలితో అరుస్తున్నా, మూలకి పోయి దాక్కుని వణుకుతున్నా మొదట తిండి పెట్టండి. ఈ ఒక్కసారికి పొడి ఫుడే మంచిది. తినలేకపోతే తేనె గానీ, కొంచెం నీళ్ళలో ముద్దగా కలిపిన గ్లూకాన్-డి గానీ వేలితో చిగుళ్ళకి రుద్దండి. నోట్లో పొయ్యొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఫిట్స్ వస్తుంటే నోట్లో వేలు పెట్టకుండా పెదవి లోపలివైపు రాసి, వెంటనే బండి ఎక్కండి. తేరుకున్నా సరే ఆసుపత్రికి వెళ్ళాల్సిందే, గ్లార్జిన్ పని ఇంకా గంటల తరబడి సాగుతుంది.

రెండోవైపు ప్రమాదం కీటోన్లు. మూత్రానికి వంగినప్పుడు పాత గరిటె కింద పెట్టి పట్టి, మెడికల్ షాపులో దొరికే కీటో స్ట్రిప్ ముంచండి. కీటోన్లు కనబడి, తిండి మానేసి, వాంతులవుతుంటే తెల్లారేదాకా ఆగకండి.

ఇంట్లో పెద్దవాళ్ళ షుగర్ మాత్రలు విరిచి వెయ్యడం గురించి కూడా అడుగుతుంటారు. వద్దు. పిల్లుల కోసమే చేసిన గ్లిఫ్లోజిన్ మందులకి (షుగర్‌ని మూత్రంలోకి పంపేసేవి) అమెరికాలో 2022, 2023లో అనుమతి వచ్చింది, అవి కూడా అప్పటికే ఇన్సులిన్ వాడిన పిల్లులకి కావు. వాటితో షుగర్ మామూలుగా కనిపిస్తూనే కీటోన్లు ముదిరిపోవచ్చు. అదే జాతికి చెందిన నాన్నగారి డాపాగ్లిఫ్లోజిన్ మాత్రలో ముక్క ఎంతని కొలుస్తారు?

సంక్రాంతికి ఊరెళ్ళే ముందు, పిల్లిని చూసుకునేవాళ్ళ చేత మీ ఎదురుగానే రెండు పూటలు సూది వేయించండి. కాగితం మీద డోసు, సిరంజి రంగు, టైము, "తినకపోతే వెయ్యొద్దు", రాత్రి క్లినిక్ నంబరు రాసిపెట్టండి.

తొందరగా మొదలుపెట్టి తిండి సరిచేస్తే, కొన్ని పిల్లులకి కొన్ని నెలల్లో ఇన్సులిన్ అవసరమే పోతుంది. అర యూనిట్‌కే షుగర్ 80 దగ్గర ఆడుతుంటే డాక్టరుకి చెప్పండి, మీకు మీరుగా ఆపొద్దు. ఆపాక కూడా వారానికొకసారి చెవి చుక్క చూస్తుండాలి. మళ్ళీ పొడి ఫుడ్ మరిగినా, ఎవరైనా తెలియక స్టెరాయిడ్ ఇంజెక్షన్ వేసినా షుగర్ తిరిగొస్తుంది, అందుకని ఏ కొత్త డాక్టరు దగ్గరికి వెళ్ళినా ముందు ఈ సంగతి చెప్పండి.